అల్లుణ్ణి ఓవర్‌టేక్ చేయరాదు

సూరత్‌లో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యానని చెబితే మీలాంటి కుర్రవాళ్ళు మర్యాదకు ఒకసారి తలూపి, మళ్ళీ ఫోన్లోకి దూరిపోతారు. అందులో మీ తప్పేమీ లేదు. బట్టలకు రంగులేసే మిల్లులో బాయిలర్లూ పంపులూ బాగుచేస్తూ ముసలివాడైన మనిషి దగ్గర వినదగ్గ ముచ్చట ఏముంటుంది? అందుకని నేను ఇంకో రకంగా మొదలుపెడతాను. నేను ఒక మోటార్ రేసింగ్ టీమ్‌కు చీఫ్ మెకానిక్‌గా పనిచేశాను. చూశారా, ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టారు.

టీమ్ అన్నాను కదా అని మరీ గొప్పగా ఊహించుకోకండి. రెండు గో-కార్టులు, ఇద్దరు డ్రైవర్లు, ఒక యజమాని, మిల్లులో రంగులు కలిపే కలర్ మాస్టర్ ఒకరు, నేను. గో-కార్ట్ అంటే తలుపులూ పైకప్పూ లేని బుల్లి రేసు బండి. నేలకు జానెడెత్తున కాళ్ళు బారజాపుకుని కూర్చుని నడపాలి. మావి మరీ పాతకాలపువి. సెల్ఫ్ స్టార్టర్ లేదు, క్లచ్ లేదు. వెనకాల ఒకరు తోస్తూ పరిగెత్తితే ఇంజన్ అందుకుంటుంది. బండి పూర్తిగా ఆగిందా, ఇంజన్ కూడా ఆరిపోతుంది, మళ్ళీ తోయాల్సిందే. సాంకేతికం ఇంతకంటే మీకు అక్కర్లేదు. నాకూ అంతకంటే ఎక్కువ తెలియదని ఆ టీమ్‌లో చాలా రోజులు ఎవరూ కనిపెట్టలేదు.

యజమాని మా మిల్లు సేఠే. సేఠ్ అనగానే గుజరాతీ ఆయన అనుకోకండి. సిరిసిల్ల దగ్గర పల్లెటూరి మనిషి. మగ్గాల పనికి సూరత్ వచ్చి, భేస్తాన్‌లో ఒకే గదిలో డజను మందితో పడుకుని, కష్టపడి పైకొచ్చి పల్సానాలో సొంతంగా మిల్లు పెట్టాడు. గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన భార్యను మేమంతా అక్కా అని పిలిచేవాళ్ళం. ఆమె వంట రుచి చూసినవాడు ఆ మిల్లు వదిలి ఇంకో మిల్లుకు పోయిన దాఖలా నాకు తెలిసి లేదు.

వాళ్ళ కూతురి పెళ్ళి సూరత్‌లోనే చేశారు. అల్లుడు జగిత్యాల వైపు వాడు, నవ్వు ముఖం, కలివిడి మనిషి. పెళ్ళి పందిరి పూర్తిగా విప్పకముందే లాక్‌డౌన్ వచ్చిపడింది. రైళ్ళు ఆగిపోతాయని ముందే పసిగట్టిన చుట్టాలు పరుగున ఊళ్ళకు వెళ్ళిపోయారు. కొత్త అల్లుడు మాత్రం అత్తవారింట్లో ఇరుక్కుపోయాడు.

ఇక్కడే మా టీమ్ కష్టాలన్నీ మొదలయ్యాయి. కొత్త అల్లుడు మూడు రోజులుంటే ఎవరైనా మర్యాద చేస్తారు. నెలలు నెలలు ఉంటే ఏం చేయాలో మన పెద్దవాళ్ళు ఎక్కడా చెప్పలేదు. అందుకని అక్క ఆయనకు ప్రతి రోజూ మొదటి రోజు మర్యాదే చేసింది. పొద్దున గారెలు, మధ్యాహ్నం కోడికూర, సాయంత్రం సకినాలు, మధ్యమధ్య సూరత్ వాళ్ళ శనగపిండి లోచో, జిలేబీ. ప్రపంచమంతా గోధుమపిండి దొరకడం లేదని ఏడుస్తున్న రోజుల్లో ఆ ఇంట్లో పొయ్యి మీద నూనె మూకుడు దిగింది లేదు. ఆ ఇంటి కొడుకు, మేం చిన్న సేఠ్ అనేవాళ్ళం, అల్లుడి పళ్ళెంలోకి పోగా మిగిలింది తిని ఊరుకునేవాడు. సన్నగా పుల్లలా ఉండే కుర్రాడు. సూరత్‌లోనే పుట్టి పెరిగాడు. మాటలు తక్కువ.

మిల్లు మూతపడింది. కార్మికులంతా దొరికిన బండి ఎక్కి ఊళ్ళకు వెళ్ళిపోయారు. నేను ఉన్ అనే పేటలో నా గది ఖాళీ చేయకుండా ఉండిపోయి, మిషన్లు తుప్పు పట్టకుండా చూసుకునే పనిలో ఉన్నాను. కలర్ మాస్టర్ కూడా ఉండిపోయాడు. ఆయనది మా జిల్లానే. రంగుల విషయంలో తనను మించినవాడు సూరత్‌లో లేడని ఆయన గట్టి నమ్మకం. ఇక ఇంట్లో బావా బామ్మర్దులిద్దరికీ తోచక పిచ్చెక్కుతుంటే, ఎవరి షెడ్డులోనో మూలపడి ఉన్న రెండు గో-కార్టులు సేఠ్ కొనిపెట్టాడు. టెంపోలు లేక బోసిపోయిన మిల్లు ఆవరణలో ఇద్దరూ వాటి మీద చక్కర్లు కొట్టడం మొదలుపెట్టారు.

బాయిలర్ బాగుచేసేవాడు బండి ఇంజన్ బాగుచేయలేడా అని నన్ను చీఫ్ మెకానిక్‌ను చేశారు. జీతం అదే.

ఆంక్షలు కాస్త సడలాక, ఊరి బయట ఒక కార్టింగ్ ట్రాక్ వాళ్ళు ఆదివారాల్లో పోటీలు పెట్టారు. రైళ్ళు మళ్ళీ నడిచినా అక్క అల్లుణ్ణి ఊరికి పోనివ్వలేదు కాబట్టి, సేఠ్ ఇద్దరి పేర్లూ ఇచ్చాడు. ఆ మొదటి వారంలోనే నాకు ఒక సంగతి స్పష్టంగా తెలిసిపోయింది. అల్లుడు బాగానే నడుపుతాడు. కానీ కొడుకు నడుపుతుంటే మాత్రం చూస్తున్నవాళ్ళు మాట్లాడటం ఆపేసేవాళ్ళు. మలుపు ముందు అందరూ బ్రేకు తొక్కే చోట వాడు తొక్కడు. ఇంకా కాస్త లోపలికి పోయి, ఇక గోడే అనుకున్నప్పుడు తొక్కి, తిప్పి, బయటపడతాడు. ఇంట్లో నోరెత్తని కుర్రాడికి అంత గుండె ఎక్కడిదో నాకు అర్థం కాలేదు.

మొదటి పోటీకి కొత్త టైర్లు ఒక్క సెట్టే వచ్చింది. ఏ బండికి వేయమంటారని సేఠ్‌ను అడిగాను.

"అడుగుడేంది మిస్త్రీ? అల్లునిగారి బండికెయ్. పాతయి వీనికెయ్. వీడు మనోడే గద!"

ఈ 'మనోడే గద' అన్న మాట ఆ టీమ్‌కు రాజ్యాంగం. కొత్త ఇంజన్ అల్లుడికి. పాత ఇంజన్ మనవాడికి. గొడుగు అల్లుడికి. ఎండ మనవాడికి. గాలికి ఎగిరిపోతున్న టెంటు గుంజ పట్టుకుని నిలబడే పని కూడా మనవాడికే. పోటీ నడిపేవాళ్ళకు బరువు నియమం ఒకటుండేది. డ్రైవర్ మరీ తేలికగా ఉంటే బండికి సీసం దిమ్మలు బిగించాలి. చిన్న సేఠ్ బండికి నేను సీసం బిగిస్తూ ఉంటే, అవతల అక్క అల్లుడి నోట్లో గారెలు పెట్టేది. సీసం కంటే గారెలే వేగంగా బరువు పెంచాయని నేను ఒట్టేసి చెప్పగలను. కొత్త ఇంజన్ ఇచ్చిన లాభమంతా కోడికూర లాగేసుకునేది. సేఠ్ మాత్రం ఇంజన్‌లోనే ఏదో లోపం ఉందని నన్ను తిట్టేవాడు.

మొదటి పోటీలో కొడుకు అందరికంటే ముందున్నాడు. అల్లుడు రెండో స్థానం. సేఠ్ కంగారుపడిపోయాడు. పోటీలో కొడుకు గెలవబోతుంటే కంగారుపడ్డ తండ్రిని నేను అప్పుడే చూశాను.

"అరే, వీడేంది గిట్ల ఉరుకుతున్నడు? అల్లునిగారు ఎన్కవడ్డరు. నలుగురు జూస్తే ఏమనుకుంటరు? ఇంటికి పిలిసి ఓడగొట్టిన్రంటరు!"

నెమ్మదించమని కొడుక్కి ఎలా చెప్పాలి? ఆ బండ్లలో ఫోన్లూ రేడియోలూ ఉండవు. సేఠ్ కారు డిక్కీలోంచి శాంపిల్ చీర ముక్కను లాగి, గోడ ఎక్కి ఊపాడు. అది ఎర్రది. రేసులో ఎర్రజెండా అంటే పోటీ ఆపేయమని అర్థం. పదమూడు బండ్లూ ఉన్నపళంగా ఆగిపోయాయి. అంబులెన్స్ బయల్దేరింది. ట్రాక్ అధికారి పరుగున వచ్చి, ఎవరికి దెబ్బ తగిలిందని అడిగాడు. ఎవరికీ ఏమీ కాలేదు, అల్లుడికి మర్యాద తగ్గింది అని చెప్పడానికి మాకు హిందీ చాల్లేదు.

ఎర్ర, పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు, నలుపు రంగులు ఇకమీద మా సేఠ్ చేతిలో కనిపిస్తే టీమ్‌ను వెళ్ళగొడతామని అధికారి హెచ్చరించి వెళ్ళాడు. ఇంకెవరైనా అయితే అక్కడితో ఆగిపోయేవారు. కానీ రంగుల మిల్లువాడికి రంగులు అయిపోవడమేమిటి?

"ఆరు రంగులే గద బందు వెట్టింది," అన్నాడు కలర్ మాస్టర్ గర్వంగా. "మన దగ్గర షేడ్లెన్ని ఉన్నయో ఆయనకేం ఎరుక?"

ఆయన సొంత చేత్తో రెండు గుడ్డలకు రంగు వేశాడు. ఒకటి మెహందీ రంగు, అంటే ఎండిన గోరింటాకు ఛాయ. అది ఊపితే కొడుకు పక్కకు తప్పుకుని బావకు దారివ్వాలి. రెండోది కాఫీ రంగు. అది ఊపితే అల్లుడు దారివ్వాలి. రెండోది ఎందుకని అడిగితే, న్యాయమంటూ ఒకటి ఉండాలి కదా అన్నాడు. ఆ న్యాయం గుడ్డ ఇస్త్రీ మడత విప్పకుండా అలాగే సంచిలో ఉండిపోయింది. మెహందీ గుడ్డ మాత్రం ప్రతి ఆదివారం ఊగి ఊగి అంచులు పీలికలైంది. ప్రతి ఆదివారం ఆఖరి చక్కర్లో చిన్న సేఠ్ దాన్ని చూసేవాడు, తప్పుకునేవాడు. బావ మొదటి స్థానం, వాడు రెండో స్థానం. కప్పు ఇస్తుంటే అల్లుడి నవ్వు కూడా రానురాను చిన్నదవుతూ వచ్చింది. అక్క దానికి కారణం ఆకలే అనుకుంది.

మధ్యలో రెండో వేవ్ వచ్చింది. ఆ రోజుల గురించి నేను ఇక్కడ చెప్పను. తెలిసినవాళ్ళను పోగొట్టుకున్నాం, అంతే. కొన్ని నెలలకు మళ్ళీ ట్రాక్ తెరిచారు. ఫైనల్ పోటీ పెడతామన్నారు.

ఆ సమయంలోనే చెన్నైలోని ఒక రేసింగ్ స్కూలు వాళ్ళు చిన్న సేఠ్ వీడియోలు చూసి, వచ్చి చేరమన్నారు. ఆ ఏడాది కాకపోతే వయసు దాటిపోతుందని కూడా చెప్పారు. తండ్రి ఒప్పుకోవడమే తరువాయి. వాడు నన్ను తోడు తీసుకుని మిల్లు ఆఫీసులోకి వెళ్ళాడు. తలుపు దగ్గరే చెప్పులు విడిచి, బల్ల ముందుకెళ్ళి నిలబడ్డాడు. వాడు తండ్రిని ఏదైనా అడగడం నేను అదే మొదటిసారి చూడటం.

"పప్పా, నేను చెన్నై పోత. నాకు గాడీ నడుపుడే వస్తది, ఈ ధందా రాదు. ఒక్క సాల్ చూడు. ఫెయిల్ అయితే వాపస్ వచ్చి ఆఫీస్‌ల కూసుంట."

సేఠ్ లెక్కల పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఫైనల్ల మీ బావ కంటే ముంగట గీత దాటి సూపియ్. గప్పుడు పో."

కుర్రాడి ముఖం వెలిగిపోయింది. వెంటనే అనుమానం వచ్చింది. "మరి ఆ మెహందీ గుడ్డ?"

"గుడ్డ గుడ్డనే. అల్లునికి మర్యాద ఇయ్యద్దా?"

"పప్పా, దాటాలె అంటవ్, దాటొద్దంటవ్. రెండూ ఎట్ల అయితయ్?"

"అది నువ్వు సోంచాయించుకోవాలె. గంత సదివిచ్చింది ఎందుకు?"

ఆయన ఎగతాళి చేయడం లేదు. నిజంగానే ఆ రెండు మాటలూ ఆయన బుర్రలో పక్కపక్కనే హాయిగా కూర్చున్నాయి. కొడుకంటే ప్రేమ లేదా అంటే, మస్తుగా ఉంది. కానీ అల్లుడి ముందు దాన్ని బయటపెట్టడం అమర్యాద అని ఎక్కడో నేర్చుకున్నాడు. బయటకు వచ్చాక చిన్న సేఠ్ పంపు గది మెట్టు మీద కూర్చున్నాడు. "కాకా, మా పప్పా నన్ను పంపియ్యడు గదా?" అన్నాడు. ఆ రాత్రి నేను అన్నం సరిగా తినలేదు.

ఫైనల్ రోజు పోటీ మధ్యాహ్నం మొదలవ్వాలి. కర్ఫ్యూ వేళకు ముందే అందరూ ఖాళీ చేసి వెళ్ళిపోవాలి. గేటు దగ్గర మాస్కు వేసుకున్న అమ్మాయి అందరి నుదుటికీ జ్వరం చూసే మిషన్ పెడుతోంది. అందరూ లోపలికి పోయారు. అల్లుడి దగ్గర మిషన్ కూత పెట్టింది.

కంగారేమీ లేదు, ఎండలో కూర్చున్నందుకు అలా చూపిస్తుంది, నీడలో కాసేపు ఉండి రండి అంది ఆ అమ్మాయి. కానీ జ్వరం అన్న మాట అక్క చెవిన పడింది. ఫ్లాస్కులోంచి పొగలు కక్కే మిరియాల కషాయం తీసి గ్లాసు నిండా తాగించింది. పైన శాలువా కప్పింది. అల్లుడు చెమటలు కక్కుకుంటూ మళ్ళీ వెళితే మిషన్ మళ్ళీ కూత పెట్టింది. అక్క ఇంకో గ్లాసు పోసింది. ఇలా ఆ ఫ్లాస్కు ఖాళీ అయ్యేదాకా నడిచింది. మా సేఠ్ అధికారుల దగ్గరకెళ్ళి, అల్లుడు లేకుండా పోటీ మొదలుపెడితే ఊరుకోనని గొడవ చేశాడు. చివరికి కషాయం అయిపోయాకే జ్వరమూ తగ్గింది. అప్పటికి పొద్దు వాలిపోయింది, మబ్బులు కూడా కమ్ముకున్నాయి. ట్రాక్ చుట్టూ స్తంభాల మీద పసుపు దీపాలు వెలిగించి పోటీ మొదలుపెట్టారు.

ఇద్దరూ పిచ్చివాళ్ళలా నడిపారు. కొడుకు ముందు, బావ వెనక, బావ ముందు, కొడుకు వెనక. మిగతావాళ్ళంతా ఆలస్యమైందని, కర్ఫ్యూ భయంతో ముందే ఇళ్ళకు పోయారు. ఇక మిగిలిన మూడో బండిలో, చాలా దూరంగా వెనకబడి ఉన్నది ఒక వజ్రాల వ్యాపారి. పెద్దవయసు మనిషి, డాక్టర్ చెప్పాడని సరదాకు నడుపుతున్నాడు. ఆఖరి చక్కర్ వచ్చేసరికి చిన్న సేఠ్ బావ కంటే ఒక బండి పొడవు ముందున్నాడు. ఒక్క మలుపు మిగిలింది.

సేఠ్ గోడ ఎక్కాడు. మెహందీ గుడ్డ విప్పి ఊపాడు. ఊపుతున్న ఆయన ముఖం మాత్రం వేరే ఎవరో చేయి పట్టుకుని బలవంతంగా ఊపిస్తున్నట్టుంది.

చిన్న సేఠ్ బండి వేగం తగ్గింది. నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ అదే కథ అనుకున్నాను. కానీ వెనక వస్తున్న అల్లుడి బండి వాణ్ణి దాటలేదు. అదీ నెమ్మదించింది. కొడుకు వెనక్కి తిరిగి చూసి, బావ ఇంకా రాలేదేమని ఇంకాస్త తగ్గించాడు. బావ ఇంకా తగ్గించాడు. కొడుకు 'మీరు పోండి' అని చేయి ఊపాడు. బావ 'నువ్వు పో' అని చేయి ఊపాడు. పెళ్ళి భోజనాల బంతి దగ్గర 'మీరు కూర్చోండి, లేదు మీరు కూర్చోండి' అనుకునే పెద్దమనుషుల్లా ఇద్దరూ నిమ్మళంగా దొర్లుకుంటూ వచ్చి, గెలుపు గీతకు పది అడుగుల ముందు పక్కపక్కనే ఆగిపోయారు. రెండు ఇంజన్లూ ఆరిపోయాయి.

ట్రాక్ అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వజ్రాల వ్యాపారి బండి పుటపుటమంటూ వచ్చి, ఇద్దరి పక్కనుంచి జాగ్రత్తగా తప్పుకుని, గీత దాటి గెలిచింది. ఆయనకు నమ్మకం కుదరక ఇంకో చక్కర్ వేసి మళ్ళీ గెలిచాడు.

"ఏమైంది, ఏమైంది?" అని సేఠ్ గోడ మీదనుంచే అరుస్తున్నాడు. కలర్ మాస్టర్ గుడ్డ వైపు చూశాడు. దీపం వైపు చూశాడు. సంచిలోంచి కాఫీ గుడ్డ తీసి దాని పక్కన పట్టాడు. ఆ పసుపు దీపాల కింద రెండూ ఒకే రంగు. తేడా రవ్వంత లేదు.

మా ధందాలో పిల్లాడికి కూడా తెలిసిన సంగతి ఇది. ఒక దీపం కింద కలిసిన రంగు ఇంకో వెలుతురులో కలవదు. మా సేఠ్ బయటి మిల్లుల నుంచి వచ్చిన సరుకును ఎండలోకి తీసుకుపోయి, ట్యూబ్‌లైట్ కిందకు తీసుకుపోయి, తేడా వస్తే వాళ్ళ ముఖాన కొట్టేవాడు. అటువంటి మిల్లులోని మేమందరం కలిసి ఆ రెండు గుడ్డలనూ ఒక్కసారి కూడా దీపం కింద పెట్టి చూసుకోలేదు.

"అన్నా, ఇది నా షేడ్ తప్పు గాదు," అన్నాడు కలర్ మాస్టర్ పాలిపోయిన ముఖంతో. "బల్బు తప్పు."

అధికారి విజిల్ వేస్తూ హిందీలో అరుస్తున్నాడు. కర్ఫ్యూ వేళ అవుతోంది, గీత దాటనివాళ్ళకు స్థానం ఉండదు, జెండా దించేస్తున్నాను, తోసుకుని అయినా దాటండి అని. సేఠ్ గోడ దిగి ట్రాక్ మీదకు పరిగెత్తాడు. వెనకే మేము.

"అల్లునిగారూ, జర తయారుండుండ్రి. మిస్త్రీ తోస్తడు. మీరు ముంగట పోవాలె."

అల్లుడు హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చేతులు కట్టుకున్నాడు. "నేను పోను మామా. అలిగిన."

"ఏందీ?"

"అలిగిన. పెండ్లిల నన్ను అలగనియ్యలే మీరు. రైళ్ళు బందయితున్నయ్, జల్దీ జల్దీ అని కానిచ్చిండ్రు. గిప్పుడు అలుగుతున్న."

పెళ్ళిలో కొత్త అల్లుడు అలిగి కూర్చుంటే, అడిగింది ఇస్తానని మామ మాటిచ్చి లేపాలి. అది అల్లుడి హక్కు. అది నిజంగానే ఆ హడావిడి పెళ్ళిలో జరగలేదు. పెళ్ళి పీటల మీద కాక రేసు ట్రాక్ మీద అలిగిన అల్లుడు మాత్రం మన చరిత్రలో ఈయన ఒక్కడే అయి ఉంటాడు.

సేఠ్ బతిమాలాడు. "ఏం గావాలె? కారు గావాల్నా? బంగారం గావాల్నా?" అక్క స్టీల్ డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఆకలైనట్టుంది బిడ్డకు. గారెలు తిను బిడ్డా, వేడిగున్నయ్."

"వద్దత్తా," అన్నాడు అల్లుడు.

అక్క చేతిలో డబ్బా జారబోయింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గరనుంచీ ఆయన నోట ఆ మాట ఎవరూ వినలేదు. వ్యవహారం ఎంత దూరం వచ్చిందో సేఠ్‌కు అప్పుడు అర్థమైంది.

"మరేం గావాలె? నోరిడిసి చెప్పుండ్రి."

"బామ్మర్దిని ముంగట పొమ్మని మీ నోటితోటి అనుండ్రి. మీ చేతులతోటి తోయుండ్రి." అల్లుడి గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "మామా, ఇన్ని కప్పులు ఇంట్ల వెట్టిన. అండ్ల ఒక్కటన్న నేను గెలిసిన్నా, మీరు గెలిపిచ్చిండ్రా? నాకే తెల్వదు. సిగ్గయితుంది."

పక్క బండిలో చిన్న సేఠ్ హెల్మెట్ అద్దం కూడా ఎత్తకుండా కదలక కూర్చున్నాడు.

"అల్లుణ్ణి కూసోవెట్టి కొడుకును ముంగటికి తోస్తే... లోకం ఏమంటది?" అన్నాడు సేఠ్. అప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"లోకం ఏడుంది సేఠ్?" అన్నాన్నేను. "కర్ఫ్యూ అని అందరు ఇండ్లకు పోయిన్రు."

సేఠ్ చుట్టూ చూశాడు. దూరం దూరంగా వేసిన ఖాళీ కుర్చీలు తప్ప ఏమీ లేదు. మాస్కు లాగి జేబులో కుక్కుకున్నాడు. తెల్ల ప్యాంటు పైకి మడిచి, కొడుకు బండి వెనక్కి వెళ్ళి వంగాడు.

"పప్పా," అన్నాడు కొడుకు వెనక్కి తిరక్కుండానే. "నిజంగ పోవాల్నా?"

"పో కొడుకా. మీ బావను దాటి పో."

తోశాడు. బండి కదిలింది, ఇంజన్ దగ్గింది, ఆరింది. మళ్ళీ తోశాడు. ఒక చెప్పు ఊడిపోయింది. మగ్గాల మీద పనిచేసిన నాటి బలం ఎక్కడ దాచాడో, ఆ మనిషి రొప్పుతూ, దగ్గుతూ, ఒక చెప్పుతోనే పరిగెత్తాడు. గీత దగ్గర ఇంజన్ అందుకుంది. బండి ఆయన చేతుల్లోంచి జారిపోయి గీత దాటింది. సేఠ్ ఆగలేక ఇంకొంత దూరం పరిగెత్తి, రెండు చేతులూ పైకెత్తి, "అరే! నా కొడుకు! సూసిండ్రా, నా కొడుకు!" అని అరిచాడు. వచ్చింది రెండో స్థానం. కానీ ఆ ఊళ్ళో ఆ రోజు అంతకంటే పెద్దగా ఎవరూ గెలవలేదు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. కలర్ మాస్టర్ కాఫీ గుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు.

అలక తీరింది కాబట్టి అల్లుణ్ణి లేవమన్నాం. ఆయన లేవబోయాడు, లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. అలిగి కూర్చున్నంతసేపూ తెలియలేదు కానీ, గారెలూ కోడికూరా కలిసి ఆ సీటులో ఆయన్ను గట్టిగా బిగించేశాయి. నలుగురం పట్టి లాగినా రాలేదు. జెండా దించేశారు, ఆయనకు ఏ స్థానమూ రాలేదు. చివరికి నేను పానా తెచ్చి సీటు బోల్టులు విప్పాను. సీటుతో సహా ఆయన్ను లేపి టెంపోలో ఎక్కించి ఇంటికి పంపాం. దారిలో అక్క గారెలన్నీ తినిపించిందని విన్నాను.

తర్వాత ఒకసారి నేను అల్లుణ్ణి పక్కకు పిలిచి అడిగాను. "నిజం జెప్పు బిడ్డా, ఆ గుడ్డ నీకు కాఫీ రంగు లెక్కనే కొట్టిందా?" ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు పెద్దగానే ఉంది.

చిన్న సేఠ్ చెన్నై వెళ్ళిపోయాడు. ఉధ్నా స్టేషన్లో రైలు ఎక్కిస్తూ సేఠ్ వాణ్ణి మామూలుగా తిట్టినన్ని తిట్లూ తిట్టి, బోగీ కదిలాక స్తంభం చాటుకెళ్ళి ఏడ్చాడు. కొన్నాళ్ళకు వాడు అక్కడి మొదటి పోటీ అయ్యాక నాకు ఫోన్ చేశాడు.

"ఎట్లయింది రా?" అన్నాను.

"కాకా, శురూలనే ఒకన్ని దాటిన. దాటంగనే గుండె దడదడలాడింది. గాడీ స్లో చేసిన. పప్పా గోడ మీద ఏడన్న ఉన్నడా అని చూసిన. ఎవ్వరు లేరు. ఎవ్వరు ఏమనలే."

"మరేం జేసినవ్?"

"ఏం జేస్త కాకా," అన్నాడు వాడు. "ఇంకొకన్ని దాటిన."